ఏడ్వని శిశువులు

రేడియోలో పనిచేయు మాకు నిశ్శబ్దమనిన కొంచెము జంకు. క్షణకాలము మైక్రోఫోను మూగవోయినచో ఎక్కడో ఏదో చెడినదని గుండె దడదడలాడును. 1989 డిసెంబరులో చౌషెస్కూ ప్రభుత్వము కూలిన పిమ్మట రుమేనియా శిశుశాలలలో అడుగిడిన పలువురిని కలవరపెట్టినది నిశ్శబ్దమే. గది నిండ తొట్టెలు, తొట్టె తొట్టెలోను బిడ్డ. ఏడుపు మాత్రము వినబడదు.

ఆ బిడ్డలు పేరునకే అనాథలు. పెక్కుమందికి తల్లిదండ్రులున్నారు. 1966లో గర్భస్రావమును నిషేధించిన పిదప, పెంచలేని సంసారములు బిడ్డలను ప్రభుత్వమునకు అప్పగించినవి. అక్కడ పాలు వేళకు వచ్చును. ఎత్తుకొను చేయి రాదు. అడుగనిదే అమ్మయినను పెట్టదని మన సామెత. అడిగినను పలికెడివారు లేనప్పుడు శిశువు అడుగుటయే మానును.

ఇది స్వభావముతో ఆగు మార్పు కాదు. పుట్టునాటికి మెదడులోని కణములు చాలవరకు ఏర్పడియే ఉండును. వాని నడుమ అల్లికలు మాత్రము అనుభవముతో బలపడవలెను. బిడ్డ కేక వేయుట, ఎవరో వచ్చుట, ముఖములో ముఖము పెట్టి పలుకరించుట: ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే ఆ అల్లికకు నూలు.

2000 సంవత్సరములో నెల్సన్, ఫాక్స్, జీనా అను అమెరికా శాస్త్రజ్ఞులు బుకారెస్టులోని ఆరు శిశుశాలల నుండి 136 మంది పసివారిని ఎన్నుకొన్నారు. వయస్సు 6 మొదలు 31 నెలలు. చీట్లు వేసినట్లుగా సగముమందిని పెంపుడు కుటుంబములకు పంపినారు. అట్టి కుటుంబములు ఆ నగరములో అరుదు గనుక వెదకి శిక్షణ ఇచ్చినారు. మరి చీటి పడని బిడ్డ మాట ఏమి? ఇల్లు దొరికిన ఏ బిడ్డనైనను పరిశోధన కొరకు ఆపబోమని వారు నియమము పెట్టుకొన్నారు. అది న్యాయమైన నియమమే. మా మనస్సు మాత్రము పూర్తిగా కుదుటపడలేదు.

నాలుగున్నర యేండ్ల వయస్సున ప్రజ్ఞాలబ్ధిని కొలిచినారు. సొంత ఇండ్లలో పెరిగినవారి సగటు 109, పెంపుడు ఇండ్లకు చేరినవారిది 81, శిశుశాలకు చీటి పడినవారిది 73. రెండేండ్లు నిండకముందే ఇల్లు చేరినవారు మిగిలినవారికంటె మెరుగు. ఎనిమిదవ యేట వారి మెదడు విద్యుత్తరంగములు సాధారణ బాలుర తరంగములకు దీటుగా కనబడినవి. అన్నియు ఇట్లు బాగుపడినవని చెప్పరాదు. నిలకడలేమి, ఏకాగ్రతాలోపము పెంపుడు ఇంటను అంతగా తగ్గలేదు.

మరియొక పరీక్ష మమ్ము చకితులను చేసినది. పన్నెండేండ్ల ప్రాయమున పిల్లలను పరుల యెదుట ప్రసంగింపుమన్నారు. అట్టి వేళ ఎవరికైనను గుండె వేగము హెచ్చును, కార్టిసోల్ అను రసము రక్తములో పెరుగును. ఆ సంగతి మాకు స్వానుభవమే! శిశుశాలకు చీటి పడినవారిలో మాత్రము ఆ కదలిక మందగించినది. తొట్టెలోని నిశ్శబ్దము దేహములోనికి దిగినదా యనిపించును. పసితనమునందే ఇల్లు చేరినవారి స్పందన తక్కిన బాలుర వలెనే ఉండినది.

రెండేండ్లలోపు బిడ్డలను శిశుశాలలలో ఉంచరాదని 2004లో రుమేనియా చట్టము చేసినది. తీవ్రమైన వైకల్యము గల బిడ్డలకు మాత్రము అందులో మినహాయింపు ఉంచినారు.