పిల్లి డబ్బామీది వ్రాత



మా బైరెడ్డిపల్లె ప్రాంతమున పిల్లికి వేరుగ వండిపెట్టు ఆచారము లేదు. మిగిలిన రాగి సంగటి, కొంచెము పాలు, మూటల సందున దొరికిన ఎలుక - ఇదియే దాని భోజనము. ఈ మూటిలో దానిని నిలిపినది ఎలుకయేయని నేను ఆలస్యముగ నెరిగితిని.

వీధికుక్కలకు వెరచి మా పిల్లిని గడప దాటనీయక పెంచితిని. ఎలుక కరవయ్యెను, సంగటియు పాలునే మిగిలెను. కొంతకాలమునకు దాని కంటిపాపలు పట్టపగలు సైతము విప్పారియుండెను. త్రోవలోని చెంబును తాకి నడువసాగెను. పశువైద్యులు చూచి, టారిన్ చాలలేదనిరి.

టారిన్ మాంసమునను చేపలయందును ఉండు పదార్థము. ధాన్యమున లేదు, పాలలో నున్నది అత్యల్పము. పిల్లి దేహము దానిని చాలినంత చేసికొనజాలదు. అది కొరవడినచో కంటిలోపలి పొర చెడును, గుండె బలహీనమగును. ఈ గుండెజబ్బునకు కారణమిదియని 1987లో కాలిఫోర్నియా పండితులు చూపిరి. ఆ పిల్లులు తినినది అంగడి ఆహారమే! పిమ్మటనే తయారుచేయువారు దానియందు టారిన్ పెంచిరి.

కావున డబ్బా కొన్నంతమాత్రమున చాలదు, చదువవలయును. నేను చేప బొమ్మ చూచి ఒకటి తెచ్చితిని. మా మనుమడు దానిమీది ఇంగ్లీషు వ్రాత చదివి వినిపించెను. అందు గమనింపవలసినవి మూడు.

మొదటిది, వరుస. ఏది ఎక్కువ తూగునో దాని పేరు ముందుండును. మాంసముగాని చేపగాని తొలుత నుండవలయును.

రెండవది, నీరు. డబ్బాలో నూటికి 78 పాళ్ళు నీరు, 10 మాంసకృత్తులు అనుకొనుడు. పొడి ఆహారమున 10 నీరు, 30 మాంసకృత్తులు. చూపునకు పొడిదే మేలు. నీటిని తీసివేసి లెక్కింపుడు: డబ్బాలో 22కు 10, అనగా నూటికి 45, పొడిదానిలో 90కి 30, అనగా నూటికి 33 మాత్రమే.

మూడవది, అన్నిటికన్న ముఖ్యము. ‘కంప్లీట్’ అనియున్నచో అది పూర్ణాహారము. ‘కాంప్లిమెంటరీ’ అనియున్నచో తోడుగా పెట్టదగినదే. దానితోనే పిల్లి బ్రదుకజాలదు. నేను తెచ్చినదానిపై నున్నది ఈ రెండవ మాటయే. మరునాడు మార్చి తెచ్చితిని.

మా పిల్లికి పోయిన చూపు రాలేదు. గుండె మాత్రము చెడలేదు. ఇప్పుడది గోడవెంట నడచి, గిన్నె చప్పుడు విని వచ్చును. మీ పిల్లిని ఇంటనే ఉంచదలచిన, ముందుగా ఇంటి పిల్లలచేత ఆ చిన్న అక్షరములు చదివించుకొనుడు.