వేధింపును ఆపే కథలు



సైబర్ వేధింపు బడి గంటతో ఆగదు. వాట్సాప్ గ్రూపులో వెక్కిరింతలు, మార్ఫింగ్ చేసిన ఫొటో, మారుపేరుతో తెరిచిన ఖాతా పిల్లల వెంట ఇంట్లోకీ వస్తాయి. "అలా చేయొద్దు" అని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు విని మరచిపోతారు. అదే విషయాన్ని వాళ్లే కథగా మలిస్తే ఎదుటివారి బాధ తెలిసివస్తుంది.

వేధింపును ఆపేందుకు ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన 'కివా' కార్యక్రమం 2009 నుంచి దేశవ్యాప్తంగా బడుల్లోకి వెళ్లింది. అందులో తరగతి చర్చలకు తోడు కంప్యూటర్ ఆటలుంటాయి. ఆటలో వేధింపు ఎదురైనప్పుడు ఏం చేయాలో విద్యార్థే ఎంచుకోవాలి. చూస్తూ ఊరుకునేవారిని కదిలించడమే దాని కీలకం. నవ్వేవాళ్లు, ఫార్వర్డ్ చేసేవాళ్లు లేకపోతే వేధించేవారికి బలం ఉండదు.

మన బడుల్లో పిల్లల చేత ఇలాంటి కథలు చేయించడానికి ఒక్క ఫోను చాలు. పిల్లల్ని జట్లుగా చేసి రెండు నిమిషాల రేడియో నాటికో, బొమ్మల కథో, చిన్న వీడియోనో చేయించండి. పాత్రలు కల్పితంగానే ఉండాలి. తోటి విద్యార్థికి జరిగిన సంఘటననూ, ఫొటోనూ వాడకూడదు. కథను బాధితుల కన్నీళ్లతో ముగించకండి. స్క్రీన్‌షాట్ దాచుకోవడం, ఖాతాను బ్లాక్ చేయడం, నమ్మకమైన పెద్దలకు చెప్పడం, స్నేహితులు అండగా నిలవడం చూపించండి.

పిల్లల సహాయానికి 1098 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఫిర్యాదు చేయడానికి జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది. ప్రతి కథ చివరా ఈ వివరాలు వినిపించండి.

ఉపాధ్యాయులారా, ఈ నెలలోనే ఒక పీరియడ్ ఇందుకు కేటాయించండి. తల్లిదండ్రులారా, పిల్లలు చేసిన కథను వాళ్లతో కలిసి చూడండి.