ఫీజు కట్టేముందు వంటగది చూడండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు: "మావాడు చెఫ్ అవుతానంటున్నాడు, ఎక్కడ చేర్చమంటావు?" జవాబు అందరి ముందే చెబుతాను.

నేను మొదట చేరిన చోటు పేరు చెప్పను. తెల్లకోటు, పొడుగు టోపీ ఉన్న బొమ్మ చూసి చేరాను. అమ్మ గాజులు కుదువపెట్టి ఫీజు కట్టింది. ఏడాదిలో నేను పొయ్యి ముందు నిలబడిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా నోట్సే. చివరికిచ్చిన సర్టిఫికెట్‌కు ఏ యూనివర్సిటీ గుర్తింపూ లేదు. గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది.

ముందుగా ఒకటి తేల్చుకోండి. హోటల్ మేనేజ్‌మెంట్‌లో రిసెప్షన్, గదుల నిర్వహణ, వడ్డన, వంట అన్నీ ఉంటాయి. వంటే ముఖ్యమనుకుంటే కలినరీ కోర్సు చూడాలి. కేంద్ర పర్యాటక శాఖ వారి ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ 2018లో మన తిరుపతిలోనే ప్రారంభమైంది. హైదరాబాదులో కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా 1996 నుంచి ఉంది. హోటల్ మేనేజ్‌మెంట్‌కైతే తిరుపతిలో రాష్ట్ర సంస్థ ఉంది. సూళ్లూరుపేటలో రైలెక్కితే చెన్నై, అక్కడ తరమణిలో కేంద్ర సంస్థ ఉంది. కేంద్ర ఐహెచ్ఎంలలో డిగ్రీకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయాలి. దరఖాస్తు గడువు దాటనివ్వకండి.

ఎక్కడైనా సరే, డబ్బు కట్టేముందు క్లాసులు జరిగే రోజు వెళ్లి వంటగది చూపించమనండి. ఒక పొయ్యికి ఎంతమంది? వారానికి ఎన్ని గంటలు స్వయంగా వండుతారు? డిగ్రీ ఎవరిస్తారు? ట్రైనింగ్‌కు ఏ హోటళ్లకు పంపుతారు? కత్తులు, యూనిఫాం, హాస్టల్ ఖర్చు ఫీజులో ఉన్నాయా, వేరా? మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు ఆ సంగతి కూడా ముందే అడగాలి. ఆఫీసులో చెప్పింది విన్నాక, బయట టీకొట్టు దగ్గర రెండో ఏడాది పిల్లల్ని అవే ప్రశ్నలు మళ్లీ అడగండి.

చేరేముందు పిల్లల్ని తెలిసినవాళ్ల హోటల్ వంటింట్లో నాలుగు రోజులు దగ్గరుండి చూడనివ్వండి. పూటంతా వేడిలో నిలబడాలి. పండగనాడే పని ఎక్కువ. అది చూశాక కూడా ఇదే కావాలంటే, అడ్డు చెప్పకండి.

పులికాట్ ఒడ్డు పిల్లలకు రొయ్య తాజాదో కాదో, పీతలో కండ ఉందో లేదో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ చదువు సరస్సు ముందే నేర్పింది. మిగతాది నేర్పే చోటే ఫీజు కట్టండి.

కాలేజీ చూడ్డానికి ఎవరికైనా తోడు కావాలంటే చెప్పండి, నేనొస్తాను. సెలవు.