నెలకొక పూట భోజనం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది భోజనాల గురించి. మన సంఘం కార్యదర్శి పోయిన నెలలో ఫోన్ చేసి, "ఏమప్పా, కువైటులో ఉన్నన్నాళ్లు నెలనెలా మనోళ్లకు హోటల్లో భోజనాలు ఏర్పాటు చేసేవాడివంట గదా! మనం కూడా ఇకమీదట ప్రొద్దుటూరులో ఏదన్నా మంచి హోటల్లో నెలకొకసారి కలుద్దామనుకుంటాండాం. అదెట్లా నడపాలో నాలుగు మాటలు చెప్పు" అన్నాడు. ఇంత పెద్ద సభలో అన్నం లెక్కలు ఏం చెప్తాంలే అని మొదట అనిపించింది. కానీ పదిహేనేండ్లు చేసిన పని. దాని గురించి నాకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలియదు కాబట్టి ధైర్యంగా నిలబడినాను.

ప్రొద్దుటూరులో బీకాం చదివి, రెండేండ్లు ఒక బట్టల అంగట్లో లెక్కలు రాసి, 1999లో కువైటు పోయినాను. అక్కడా లెక్కల ఉద్యోగమే. పాత కడప జిల్లా నుంచి కువైటు పోయినవాళ్లంటే ఎక్కువగా రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు వాళ్లే. మన కుందూ ఒడ్డు ఊర్లనుంచి పోయింది తక్కువ. "మీకు కేసీ కాలువ ఉంది గదన్నా, నువ్వెందుకు వచ్చినావు?" అని అడిగేవాళ్లు. కాలువ ఉంటే సరిపోదు, అందులో నీళ్లు ఉండాల అని చెప్పేవాణ్ణి.

నేను పోయేటప్పటికే అక్కడ తెలుగు కళా సమితి లాంటి పెద్ద సంఘాలు ఉన్నాయి. మేము చేసింది అట్లాంటిది కాదు. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు. కంపెనీల్లో పనిచేసే పన్నెండు మందిమి నెలలో మొదటి శుక్రవారం ఒక హోటల్లో కలిసి తినేవాళ్లం. మొదటి శుక్రవారమే ఎందుకంటే అప్పటికి జీతం చేతికొచ్చి ఉంటుంది. శుక్రవారమే ఎందుకంటే ఆ దేశంలో ఎప్పటికీ మారని సెలవు అది. 2007 దాకా గురు, శుక్రవారాలు సెలవు, ఆ తరువాత శుక్ర, శనివారాలు. జుమ్మా నమాజు అయ్యాక హోటళ్లు తెరుస్తారు. ఒంటిగంటకు కూర్చుంటే రెండున్నరకు లేచేవాళ్లం. బిల్లు పన్నెండు భాగాలు.

అది అట్లనే సాగి ఉంటే ఈరోజు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఒకరోజు భోజనం చేసి బయటికొస్తుంటే కారు కడుగుతున్న డ్రైవరు ఒకాయన మా మాటలు విని, "మీది కడపేనా అన్నా?" అని పలకరించినాడు. మైదుకూరు దగ్గర పల్లె ఆయనది. నెలనెలా ఇట్లా కలుస్తామని చెప్పి, నువ్వూ రాప్పా అన్నాం. ఆయన నవ్వి, "శుక్రవారం ఒంటిగంటకా? మాలాంటోళ్లకు అది కుదిరే పనేనా?" అన్నాడు.

ఆ మాట మీకు అర్థం కావాలంటే అక్కడి శుక్రవారం ఎట్లుంటుందో చెప్పాల. నమాజు అయ్యాక కువైటీ కుటుంబాలన్నీ పెద్దవాళ్లింట్లో చేరతాయి. కొడుకులు, కోడళ్లు, కూతుర్లు, మనవలు, ఒక్కో ఇంట్లో ముప్పై మంది కూడా ఉంటారు. పెద్ద పళ్లేల్లో మచ్‌బూస్ అని మాంసం వేసి వండిన అన్నం పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన పండగ భోజనం లాంటిదే, కాకపోతే వారం వారం. అది వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది, వాళ్లను అక్కడికి తెచ్చి దించేది ఎవరు? మన రాయచోటి ఆడోళ్లు, మన మైదుకూరు డ్రైవర్లు. ఊరంతటికీ సెలవైన పూటే వాళ్లకు పని ఎక్కువ.

అక్కడ రెండు రకాల వీసాలు. 18వ నంబరు కంపెనీలది, 20వ నంబరు ఇండ్లలో పనిచేసేవాళ్లది. అవి రెండూ అక్కడ మనకు మనం పెట్టుకున్న కులాలు. పద్దెనిమిదోళ్లు ఒక బల్ల, ఇరవైయ్యోళ్లు ఒక బల్ల కూడా కాదు, అసలు బల్ల దగ్గరికే రారు. మా పన్నెండు మందిమీ పద్దెనిమిదోళ్లమే.

అందుకని భోజనం వేళ ఒంటిగంట నుంచి మూడున్నరకు మార్చినాం. వినడానికి చిన్న మార్పు. దానికే మాలో మూడు నెలలు వాదన జరిగింది. "మూడున్నరకు తినేది భోజనమా, టిఫినా?" అన్నవాళ్లున్నారు. పిల్లలున్నవాళ్లు ఆకలికి ఆగలేమన్నారు, అదీ నిజమే. ఇద్దరు మానుకున్నారు కూడా. కానీ హోటల్ ఆయన మాత్రం సంతోషపడినాడు. మలయాళీ. మూడింటికి గిరాకీ అయిపోయి ఏడింటిదాకా ఖాళీగా ఉండే హోటలు అది. ఆ ఖాళీ వేళలో ముప్పై మందికి తక్కువ కాకుండా తెస్తే ప్లేటు రెండున్నర దినార్ల దగ్గర రెండు దినార్లకే ఇస్తానన్నాడు. నాలాంటి లెక్కలోడికి ఇంకేం కావాల?

మొదటి నెల పంతొమ్మిది మంది వచ్చినారు. తక్కువ పడిన ప్లేట్లకు మేమే కట్టుకున్నాం. ఆరు నెలలకు యాభై దాటింది.

ఇప్పుడు డబ్బు సంగతి. మన సంఘంలో కూడా ఇక్కడే తగాదా వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎనిమిది వందల దినార్ల ఇంజనీరు, అరవై దినార్ల వంటమనిషి ఒకే బల్ల మీద తినాల. అక్కడ ఇంటిపనివాళ్లకు కనీస జీతం 60 దినార్లు అని నిర్ణయించిందే 2016లో, అంతకుముందు అదీ లేదు. ఆమెకు రెండు దినార్లంటే రోజు కూలి. వద్దు, నువ్వు ఊరికే తిను అంటే వచ్చే నెల రాదు. మనోళ్ల పౌరుషం మీకు తెలియనిది కాదు. బాగా సంపాదించిన ఒకాయన, మనసు మంచిదే, "ప్రతి నెలా మొత్తం బిల్లు నేనే కడతా, ఎవరూ ఏమీ ఇవ్వద్దండి" అన్నాడు. ఒద్దన్నాం. ఆయన కట్టినన్నాళ్లు అది ఆయనింటి విందు అవుతుంది, మేమంతా పిలిస్తే వచ్చినోళ్లం అవుతాం. ఆయన ఊరికి పోయిన నెల విందు కూడా ఊరికి పోతుంది.

చివరికి ఒక పాలపొడి డబ్బా మూతకు సందు చేసి, చేతులు కడుక్కునే చోట పెట్టినాం. ఎవరెంత వేస్తారో ఎవరూ చూడరు. చిల్లర వేసినా చప్పుడు కాకుండా లోపల గుడ్డ పరిచినాం. ఆ గుడ్డ ఆలోచన నాది కాదు, రాయచోటి అక్కది, ఆమె గురించి చెప్తాను. డబ్బాలో ఎంత పడింది, బిల్లెంత అయింది అన్నది మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించేవాణ్ణి, పేర్లు లేకుండా. తక్కువ పడినది జీతం బాగా ఉన్నోళ్లం సమానంగా పంచుకునేవాళ్లం. ఎక్కువ పడితే వచ్చే నెలకు. పదిహేనేండ్లలో ఆ డబ్బాలో ఒక్క నెల కూడా చెల్లని నాణెం పడలేదు.

రాయచోటి అక్క పన్నెండేండ్లుగా ఒకే ఇంట్లో వంట చేస్తాండేది. మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. వంటగది తలుపు దగ్గర నిలబడి, "నేను వడ్డిస్తాలే, మీరు తినండి" అంది. బలవంతాన కూర్చోబెట్టినాం. ఆ రోజు హోటల్లో మా కోసమని రాగి సంగటి చేయించినాం. వండిన కుర్రోడు కోడూరు వైపు వాడు. నాటుకోడి యాడ దొరుకుతుంది అక్కడ, బ్రెజిల్ నుంచి గడ్డ కట్టి వచ్చిన కోడితోనే పులుసు. శెనిక్కాయల ఊరిబిండి మాత్రం మన రుచే. మేమంతా ఆహా ఓహో అని తింటాంటే, ఆమె ముద్ద చిదిమి చూసి, "సంగట్లో గడ్డలుండాయి, ఎసరు సరిగ్గా మరగకముందే పిండి పోసినాడు" అంది. అంతే! పన్నెండేండ్లలో ఇంకొకరు వండింది తిని వంక పెట్టే అవకాశం ఆమెకు అదే మొదటిసారి అయ్యుంటుంది. మరుసటి నెల ఆ కుర్రోడే బయటికొచ్చి "అక్కా, చూడు ఇప్పుడెట్లుందో" అని అడిగినాడు. తరువాత పదేండ్లపాటు ఆమె ఒప్పుకుంటేనే సంగటి బాగున్నట్టు లెక్క.

వారానికొక రోజు సెలవు ఇవ్వాలని 2015లో చట్టం వచ్చింది, 68వ నంబరు చట్టం. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని కూడా అందులోనే ఉంది. కొన్ని ఇండ్లలో ఇచ్చినారు, కొన్ని ఇండ్లలో ఇవ్వలేదు. రెండు గంటలు మాత్రం పంపేవాళ్లు కొందరు. వాళ్లకు రానుపోను గంట, తినడానికి గంట. అందుకే మా దగ్గర ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు ఉండవు. వచ్చిన వెంటనే ఆకు వేయాల. వేదిక మీద పెద్దలు ఏమీ అనుకోవద్దు!

రంజాన్ నెలలో మాత్రం భోజనం ఉండదు. పగలు బయట తినడం అక్కడ చట్టప్రకారం నేరం, హోటళ్లు తెరవరు. రాత్రి పెట్టుకుందామంటే వంటవాళ్లకు ఆ నెల తెల్లార్లూ పనే. ఆ నెల ఫోన్లు చేసుకునేవాళ్లం.

ఫోన్ల నుంచే అసలు సంగతికి వస్తాను. నా దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, కువైటు నంబరు, సొంత ఊరు, ఊర్లో ఇంకొకరి నంబరు రాయించుకునేవాణ్ణి. వచ్చినోళ్ల పేరు మీద టిక్కు. భోజనాలు అయ్యాక వారంలో నేను చేసే పని, టిక్కు లేని పేర్లకు ఫోన్ చేయడం. తిన్నోళ్లను హోటల్ ఆయన లెక్కపెట్టుకుంటాడు, డబ్బు వసూలు కావాల గదా. రానోళ్లను లెక్కపెట్టే పని నాది. చాలామంది "డ్యూటీ పడిందన్నా" అనేవాళ్లు. కొందరు జలుబనో, అలసటనో చెప్పేవాళ్లు. మొదట్లో మాతో ఉన్నోళ్లే "రానోళ్ల వెంట పడతావెందుకు?" అనేవాళ్లు.

మొదట చెప్పిన మైదుకూరు డ్రైవరు ఒక నెల రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మూడు రోజులు చేసినాను. మాలో ఒకాయన వాళ్ల వీధికి పోయి అడిగితే, పది రోజుల కిందట పనిలో పడిపోయినాడు, ఆస్పత్రిలో వేసినారు అన్నారు. పక్షవాతం. మాట పోయింది. చెప్పాలన్నా నంబరు చెప్పలేడు. ఫోను చార్జింగు అయిపోయి సంచిలో పడి ఉంది. ఊర్లో భార్యకు తెలియదు. ఏదో కోపంతో ఫోన్ చేయలేదేమో అనుకుంటా ఉందంట. నోటుపుస్తకంలో పక్కింటివాళ్ల నంబరు ఉంది. ఆ రాత్రే చెప్పినాం. రెండు నెలలకు మనిషి కుర్చీబండిలో చెన్నైలో దిగినాడు. బతికి ఇంటికి చేరినాడు. ఆ తరువాత "రానోళ్ల వెంట పడతావెందుకు" అని మాలో ఎవరూ అనలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు హోటళ్లు మూసినారు. ఏప్రిల్లో జలీబ్, మహబూలా రెండు ప్రాంతాల చుట్టూ కంచెలు వేసి రాకపోకలు ఆపినారు. మనోళ్లు కిక్కిరిసి ఉండే చోటు జలీబ్. మే 10 నుంచి నెలాఖరుదాకా దేశమంతా పూర్తి కర్ఫ్యూ. అప్పుడు అదే నోటుపుస్తకం ముందర పెట్టుకుని, ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి జీతం ఆగింది అని వరుసగా ఫోన్లు చేసినాం. లోపలికి మేము పోలేం, అందుకని జలీబ్ లోపలే ఉన్న కిరాణా అంగడాయనకు ఫోన్ మీద డబ్బు పంపితే ఆయన బియ్యం, పప్పు, నూనె గదులకు చేర్చినాడు. వీసా లేనివాళ్లు జరిమానా కట్టకుండా, ప్రభుత్వం టికెట్టు మీదనే వెళ్లిపోయే అవకాశం ఆ ఏప్రిల్లోనే ఇచ్చినారు. మా పుస్తకంలో అట్లాంటి తొమ్మిది మంది ఉన్నట్టు మాకు అప్పుడే తెలిసింది. అన్నేండ్లు పక్కన కూర్చుని తిన్నా ఎవరూ చెప్పుకోలేదు. మన దేశానికి విమానాలు మొదలైంది మేలో. అంతవరకు శిబిరాల్లో ఎదురుచూసి, తొమ్మిది మందీ ఇల్లు చేరినారు. మరుసటి ఏడు నేనూ వచ్చేసినాను. డబ్బా, గోడ కాగితం బాధ్యత చిట్వేలి కుర్రోడు ఒకడు తీసుకున్నాడు. రాయచోటి అక్క ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు మన సంగతి. ప్రొద్దుటూరులో, ఏసీ హోటల్లో, ఆదివారం ఒంటిగంటకు అంటున్నారు. హైదరాబాదు, బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లకు బాగుంటుంది. మరి కొర్రపాడులో, వెల్లాలలో, ఈ రాజుపాలెంలోనే ఉన్న మనవాళ్లు? బుడ్డశనగ కోతల రోజుల్లో ఒంటిగంటకు ఎవరొస్తారు? ప్రొద్దుటూరు అంగళ్లలో గుమాస్తాలుగా ఉన్నోళ్లకు ఆదివారం సెలవుందో లేదో అడిగినామా? ఇంకొక మాట, నన్ను తిట్టుకున్నా సరే. మా బ్యాచిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు ఉండేవాళ్లు. ఈరోజు ఈ పందిట్లో నాకు కనిపించింది ఇద్దరు. మిగతా పన్నెండు మంది ఏ ఊరికి కోడళ్లయి పోయినారో మన సంఘం పుస్తకంలో లేదు. ఈ సంచికలో వేసిన చిరునామాల జాబితా నేను చూసినాను. ఇంటిపేర్లు మారిపోయి కొందరు, అసలు పేరే లేక కొందరు.

హోటలు ఏదైనా పర్వాలేదు, నేను వాదన పెట్టుకోను. ప్లేటు రేటు మాట్లాడిపెడతాను, డబ్బా కూడా తెస్తాను. వేళ మాత్రం ముందు రాలేనివాళ్లను అడిగి పెడదాం.

కొత్త నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చినాను. పందిరి బయట, నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టినాను, పెన్ను దారంతో కట్టి ఉంది. మీ నంబరు రాయద్దు, అది కార్యదర్శి దగ్గర ఎటూ ఉంది. మీతో చదువుకుని ఈరోజు రానివాళ్లు ఒక్కరి పేరు, వాళ్ల ఊరు, నంబరు తెలిస్తే నంబరు రాయండి. వచ్చే వారం నుంచి ఫోన్లు నేను చేస్తాను.

లోపల వంటలు అయినట్టుంది, ఓళిగల వాసన వస్తాండాది.