పాత ప్యాకింగ్ పారేయకండి

బందరు గిలకలదిండి హార్బరుకు చేప వస్తే ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ గొట్టాల్లో తిరిగేది అమ్మోనియా. అది లీకైతే మామూలుగా జరిగేదేమిటి? సేఫ్టీవాళ్లు ‘మాస్కు వేసుకున్నారా?’ అంటారు. మెయింటెనెన్సువాళ్లు వాల్వు ప్యాకింగ్ మార్చి మిషను తిప్పేస్తారు. పాత ప్యాకింగ్ చెత్తలోకి పోతుంది. అసలు సాక్ష్యం అదే కదండీ!

సాక్ష్యం వెతికితే ఏం తేలుతుందో చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆరా తీస్తే కారణాలు అంతకుముందు నెలల్లోనే దొరికాయి. 2019 డిసెంబరులో ట్యాంకు పైపుల అమరిక మార్చారు. దాంతో లోపలి ద్రవం సరిగా కలియలేదు. పైభాగం వేడెక్కినా, కొలిచే సాధనం ఉన్నది అడుగున. చల్లబరిచే యంత్రాన్నేమో రాత్రిళ్లు ఆపేసేవారు. పైపు తెలిసినవారు, రసాయనం తెలిసినవారు కలిసి కూర్చుంటేనే ఇలాంటి ముడి విడుతుంది.

అందుకే సేఫ్టీవాళ్లు, మెయింటెనెన్సువాళ్లు కలిసి కారణం వెతకడం నేర్చుకోవాలి. ఆ శిక్షణకు పెద్ద ప్రమాదం అక్కర్లేదు. గుడివాడ రైస్ మిల్లులో తెగిన బెల్టు, దివిసీమ రొయ్యల చెరువు దగ్గర షాకు కొట్టిన ఏరేటరు మోటారు చాలు. ముందు కరెంటు ఆపి, మనుషుల్ని దూరం జరపాలి. తర్వాత ఫొటో తీసి, విప్పిన భాగాన్ని చీటీ కట్టి దాచి, లాగ్‌బుక్కు ఆ రెండు జట్లవాళ్లూ కలిసి చదవాలి. షిఫ్టు కుర్రాణ్ణి ‘ఎవరు చేశారు?’ అనకుండా ‘ఈమధ్య ఏం మారింది?’ అని అడగండి, నోరు విప్పుతాడు.