విలేఖరి ఎవరో నిర్ణయించవలసినది పోలీసులు కారు
(ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరేగింపుపై లాఠీ లేచినపుడు జరిగినదేమిటో లోకానికి తెలియజేసేవాడు విలేఖరి. అతడు లేనిచోట పోలీసు ప్రకటనే చరిత్రగా మిగులుతుంది. కనుక విలేఖరి రక్షణ పాత్రికేయ సంఘాల సమస్య మాత్రమే కాదు. సమ్మెకు దిగే ప్రతి కార్మికుని సమస్య.

గుర్తింపు కార్డు చూపితే విడిచిపెడతామని పోలీసు యంత్రాంగం అంటుంది. మంచిదే. కాని ఆ కార్డు ఎవరు ఇవ్వాలి?

బ్రిటన్‌లో 1992 నుండి ఉమ్మడి ప్రెస్ కార్డు అమలులో ఉంది. దానిని ప్రభుత్వం ఇవ్వదు; పాత్రికేయుల జాతీయ యూనియన్‌తో సహా వృత్తి సంస్థలే ఇస్తాయి, పోలీసులు గుర్తిస్తారు. హాంకాంగ్‌లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 2019 నాటి ప్రదర్శనల అనంతరం, 2020 సెప్టెంబరులో, పాత్రికేయ సంఘం ఇచ్చే సభ్యత్వ కార్డును ఇక గుర్తించబోమని అక్కడి పోలీసులు ప్రకటించారు. ప్రభుత్వం వద్ద నమోదైన సంస్థలకు, పేరుగాంచిన విదేశీ సంస్థలకు మాత్రమే గుర్తింపు మిగిలింది.

కార్డు ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నదనుకోరాదు. 2020 మే 29న అమెరికాలోని మినియాపొలిస్‌లో సి.ఎన్.ఎన్. విలేఖరికి ప్రత్యక్ష ప్రసారం సాగుతుండగానే బేడీలు వేశారు. 2022 నవంబరులో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ప్రెస్ కార్డు చూపిన రేడియో విలేఖరిని నిర్బంధించారు. నిరసనను గమనించి వార్త ఇవ్వకుండా ఆపడమే ఏకైక ఉద్దేశంగా పోలీసులు తమ అధికారాన్ని వినియోగించరాదని 2023లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. గమనించండి: ఆ రక్షణ కార్డుకు కాదు, పనికి.

మన దేశంలో 2021 జనవరి 30న, రైతు ఉద్యమ సందర్భంగా, ఢిల్లీ సింఘూ సరిహద్దులో ఒక స్వతంత్ర విలేఖరిని అరెస్టు చేశారు. ఫిబ్రవరి 2న న్యాయస్థానం బెయిలు ఇచ్చింది. 2022 నాటి కేంద్ర అక్రెడిటేషన్ మార్గదర్శకాలు స్వతంత్ర విలేఖరికి 15 సంవత్సరాల అనుభవం ఉండాలన్నాయి. మరి మండలాల నుండి తెలుగు దినపత్రికలకు వార్తలు పంపే కంట్రిబ్యూటరు లాఠీ ఎదుట ఏ కార్డు చూపాలి?

అందువలన మేము కోరుతున్నది స్పష్టం. యూనియన్ ఇచ్చే కార్డును పోలీసులు గుర్తించాలి. కార్డు లేకపోవడం నేరంగా పరిగణించరాదు. విలేఖరిని నిర్బంధిస్తే, వెంటనే పై అధికారితో మాట్లాడే అవకాశం కల్పించాలి. కెమెరాను, ఫోనును న్యాయస్థానం ఉత్తర్వు లేకుండా తీసుకోరాదు.

కామ్రేడ్స్! మన ప్రదర్శనలలో విలేఖరికి దారి ఇవ్వడం మన బాధ్యత. మనల్ని విమర్శించే పత్రిక విలేఖరికి సైతం ఇవ్వాలి. అప్పుడే పోలీసులను అడిగే హక్కు మనకు నిలుస్తుంది.