ఉదరవ్యాధుల నిపుణుని వెదకుట ఎట్లు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గత వేసవిలో మేము ప్రచార వాహనముతో ఒక మెట్ట గ్రామమునకు వెళ్లితిమి. ఆరోగ్య కార్డును గురించి నాలుగు మాటలు చెప్పి, కరపత్రములు పంచి, పంచాయతీ కార్యాలయపు అరుగు మీద కూర్చుండగా ఏబది యేండ్ల రైతొకడు వచ్చి నిలువబడినాడు. చేతిలో ఒక సంచి, దాని నిండ స్కానింగు కాగితములు, రసీదులు. "అయ్యా, ఈ కార్డు పనిచెయ్యదండీ. మీరేమో పనిచేస్తుందని చెప్పి పోతున్నారు" అన్నాడు.

ఆయన భార్యకు రెండు నెలల క్రిందట కన్నులు పచ్చబడినవి. ఒడలంతయు దురద. పచ్చకామెర్లని తలచి మూడు వారములు పసరు పోయించినారు. తగ్గలేదు. తరువాత ఊరి వైద్యుడు చెప్పిన మీదట పట్నములో ఒక ఆసుపత్రికి తీసికొనిపోయినారు. గుమ్మము మీద 'గ్యాస్ట్రో, లివరు' అని పెద్ద బోర్డు. కార్డు తీసికొందురా అని అడిగినారు; తీసికొందుమనినారు. పరీక్షలన్నియు అయిన పిమ్మట, పిత్తనాళములో రాయి అడ్డుపడినదనియు, దానిని తీయు ఏర్పాటు తమయొద్ద లేదనియు, ఆ ఆసుపత్రిలో కార్డు ఎముకల చికిత్సకు మాత్రమే చెల్లుననియు తెలిసినది. అప్పటికి రెండు పాడిగేదెలు అమ్ముడుపోయినవి.

ఆ సంచిలోని కాగితములు చూచుచున్నప్పుడు మేము పంచిన కరపత్రము జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిమి. 'నమోదైన ఏ ఆసుపత్రిలోనైనను ఉచిత చికిత్స' అని దానిపై పెద్ద అక్షరములతో ముద్రించితిమి. ఏ ఆసుపత్రిలో ఏ జబ్బునకు అను మాట లోపలి పుటలో చిన్న అక్షరములలో నున్నది. ఆ చిన్న అక్షరముల సంగతియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక హెచ్చరిక. రక్తము వాంతియైనను, విరేచనము తారువలె నల్లగా జిగటగా పోయినను, కడుపు బల్లవలె గట్టిపడి నొప్పి భరింపరాకున్నను, కామెర్లతోపాటు చలిజ్వరమో మగతయో వచ్చినను, అట్టివేళ నిపుణుని వెదకుచు కూర్చుండరాదు. 108కి ఫోను చేసి దగ్గరనున్న పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. మేము చెప్పబోవు విచారణ అంతయు నాలుగు దినములు వ్యవధి యున్న రోగుల కొరకే.

కడుపులో మంట, త్రేన్పులు, అజీర్ణము అనగానే నిపుణునియొద్దకు పరుగెత్తనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు వీనిలో చాల భాగమును చక్కబెట్టగలడు. మోకాళ్ల నొప్పులకని మందుల దుకాణములో అడిగి కొనుక్కొని నెలల తరబడి మ్రింగు మాత్రలు కడుపులో పుండ్లు కలిగించును. అవి మ్రింగుచున్న సంగతి వైద్యునితో చెప్పినచో సగము పరీక్షలు తప్పును. అల్సరుకు కారమే మూలమని మనవారి నమ్మకము. అధిక భాగము అల్సర్లకు ఇట్టి మాత్రలో లేక ఒక సూక్ష్మజీవియో కారణము. ఆ సూక్ష్మజీవిని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ అనువారికి 2005లో నోబెల్ బహుమతి లభించినది. అది మందులతో నయమగును.

పసరు సంగతియు ఇక్కడనే చెప్పవలెను. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు సాధారణముగా కొన్ని వారములలో వాటంతటవియే తగ్గిపోవును. ఆ కీర్తి పసరుకు దక్కుచున్నది. గర్భిణులకు ఆ కామెర్లే ప్రాణాంతకము కావచ్చును. పిత్తనాళములో రాయి వలననో, గడ్డ వలననో వచ్చిన కామెర్లకు పసరు త్రాగించుచు కూర్చున్నచో పోవునది కాలమే. హెపటైటిస్ బి, సి వ్యాధులకు 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షలును మందులును ఉచితముగా ఇచ్చుచున్నారు. ఈ మాట గ్రామములలో చాలమందికి తెలియదు.

మ్రింగుడు పడకపోవుట, కారణము లేకయే బరువు తగ్గుట, విరేచనములో రక్తము, నెలల తరబడి విరేచనములు, పొట్టలో నీరు చేరుట, తగ్గని కామెర్లు. ఇవి కనబడినప్పుడు జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు, అనగా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, చూడవలసియున్నది. ఆరోగ్య కేంద్రపు వైద్యునియొద్ద ఉత్తరము వ్రాయించుకొని పోవుట మేలు. ఆ ఉత్తరమున్నచో ఒకే పరీక్షను మూడుచోట్ల చేయించుకొను బాధ తప్పును.

ఇక బోర్డు మీది అక్షరములు. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు, ఆపైన ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ. పిమ్మట జనరల్ మెడిసినులో ఎం.డి. మూడు సంవత్సరములు. ఆ తరువాత జీర్ణకోశ వ్యాధులలో డి.ఎం. మరి మూడు సంవత్సరములు. లెక్కవేసినచో పదకొండున్నర సంవత్సరములగుచున్నది. కడుపునకు శస్త్రచికిత్స చేయు నిపుణుని మార్గము వేరు. ఆయన ఎం.ఎస్. చదివి ఆపైన ఎం.సిహెచ్. పట్టము పొందును. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చు డి.ఎన్.బి., డి.ఆర్.ఎన్.బి. పట్టములును గుర్తింపు గలవియే. అయితే ఏ విభాగములో డి.ఎన్.బి. అని అడుగవలెను, జనరల్ మెడిసినులో డి.ఎన్.బి. వేరు, జీర్ణకోశ వ్యాధులలో వేరు. పేరు చివర ఇంకను ఎన్నియో అక్షరములుండును. కొన్ని సంఘ సభ్యత్వములు, కొన్ని స్వల్పకాల శిక్షణలు. అవి అబద్ధములని మేము చెప్పము. డి.ఎం.కు సాటి రావనియే చెప్పుచున్నాము. ఎం.డి. చదివిన సామాన్య వైద్యుడు కడుపు జబ్బులు చూచుట తప్పును కాదు. ఆయనను నిపుణుడని భ్రమించి వంద మైళ్లు పోవుటయే నష్టము.

ఈ అక్షరములు నిజమా కాదా అని తెలిసికొనుటకు దారి కలదు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారము ప్రతి వైద్యుడును తన రిజిస్ట్రేషను సంఖ్యను వైద్యశాలలో కనబడునట్లు పెట్టవలెను. మందుల చీటీమీదను రసీదుమీదను వేయవలెను. 2020 సెప్టెంబరు 25న పాత వైద్య మండలి స్థానమున ఏర్పడిన జాతీయ వైద్య కమిషను వెబ్‌సైటులో దేశమందలి వైద్యుల పట్టిక కలదు. పేరుగాని సంఖ్యగాని ఇచ్చి వెదకినచో తండ్రి పేరు, చదువు, ఏ విశ్వవిద్యాలయము, ఏ సంవత్సరము అనునవి కనబడును. మన తెలుగునాట ఒకే పేరు గల వైద్యులు పదుగురైనను తేలుదురు గనుక సంఖ్యతో వెదకుటయే నయము. డి.ఎం. వంటి పై చదువు పట్టికలో కనబడనిచో వెంటనే దొంగ వైద్యుడని కేకలు వేయరాదు. నమోదు ఆలస్యమై యుండవచ్చును. ఆంధ్రప్రదేశ్ వైద్య మండలినిగాని తెలంగాణ వైద్య మండలినిగాని విచారింపవచ్చును. అసలు పేరే ఎక్కడను లేనిచో అది వేరు సంగతి. నమోదు లేకుండ వైద్యము చేయుటకు 2019 చట్టము క్రింద ఒక సంవత్సరము వరకు ఖైదు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఊరి వైద్యుని మాట కూడ ఒకటి చెప్పక తప్పదు. అర్ధరాత్రి తలుపు తట్టినచో లేచి వచ్చువాడు ఆయనయే. ఆయన మీద మాకు చిన్నచూపు లేదు. కాని రోగిని పంపినందుకు వైద్యుడు కమీషను ఇచ్చుటగాని పుచ్చుకొనుటగాని పై నియమావళిలోనే నిషేధింపబడినది. "ఆ ఆసుపత్రికే ఎందుకు?" అని మర్యాదగా అడిగినచో ఎవ్వరును నొచ్చుకొనరాదు.

కార్డు విషయమునకు వత్తము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగాను, ఆంధ్రప్రదేశములో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగాను నడచుచున్నది. కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు 23న ప్రారంభమై కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పించినది. 70 సంవత్సరములు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ 2024 అక్టోబరులో దీనిని విస్తరింపజేసినారు. మీ గ్రామములోని వృద్ధులెందరు ఆ కార్డు పొందినారో ఒకసారి లెక్క చూడుడు.

ఈ పథకములలో ఆసుపత్రి మొత్తము ఒక్కమారుగా నమోదు కాదు. విభాగముల వారీగా నమోదగును. ఎముకలకు, గుండెకు చెల్లిన కార్డు అదే భవనములో కడుపునకు చెల్లకపోవచ్చును. ఆ రైతు ఇక్కడనే మోసపోయినాడు. ఆయన అడిగినది "కార్డు తీసికొందురా?" అని. అడుగవలసినది "ఈ జబ్బునకు, ఈ చికిత్సకు, ఈ ఆసుపత్రిలో కార్డు చెల్లునా?" అని. ఈ ప్రశ్నను గుమస్తాను కాక, నమోదైన ఆసుపత్రిలో కూర్చుండు ఆరోగ్యమిత్రను అడుగవలెను. ఊరినుండియే 104కు ఫోను చేసి అడుగవచ్చును. ఆయుష్మాన్ కార్డు విషయమున 14555. చికిత్సకు ముందు అనుమతి రావలసియుండును. ఆ అనుమతి వచ్చినదో లేదో తెలిసికొనకుండ డబ్బు కట్టరాదు. కట్టవలసివచ్చినచో దేనికి కట్టితిమో వ్రాసియున్న రసీదు లేకుండ కదలరాదు. పట్టికలో లేని చికిత్సకును, మామూలుగా వచ్చి చూపించుకొని పోవు రోగి కొనుక్కొను మందులకును ఈ కార్డు సామాన్యముగా ఆధారము కాదు. దీనిని ముందే చెప్పినచో ప్రజలు అర్థము చేసికొందురు. ఆసుపత్రి మెట్లమీద తెలిసినచో ఆగ్రహింతురు.

పట్నములో ఉద్యోగము చేయు కుమారుడు తల్లిదండ్రుల పేర భీమా తీసికొన్న ఇండ్లు కూడ ఇప్పుడు గ్రామములలో పెరుగుచున్నవి. అక్కడను ప్రశ్న అదియే. ఆసుపత్రి ఆ కంపెనీ జాబితాలో నున్నదా, నగదు లేకుండ చికిత్స చేయుదురా? పిత్తాశయపు రాళ్లు, హెర్నియా, మొలలు వంటి వానికి మొదటి కొన్ని సంవత్సరములు భీమా వర్తింపదను షరతు పాలసీలలో తరచు కనబడును. పాలసీ కాగితము కుమారుని పెట్టెలో గాక ఇంటిలో ఒక ప్రతి యుండవలెను.

ప్రభుత్వాసుపత్రులను మరువకుడు. హైదరాబాదులో ఉస్మానియా, నిమ్స్. విశాఖపట్టణములో కింగ్ జార్జి ఆసుపత్రి. గుంటూరు, కర్నూలు సర్వజన ఆసుపత్రులలో జీర్ణకోశ వ్యాధుల విభాగములు కలవు. రద్దీ యుండును. తెల్లవారుజామున బయలుదేరవలసియుండును. ఏ దినమున ఏ విభాగపు ఓ.పి. యుండునో ముందుగా తెలిసికొనక పోయినచో ఒక దినము కూలి వృథా.

ఆ రైతు ముందరనే 104కు ఫోను చేసితిమి. వారు చెప్పిన ప్రకారము మరునాడే ఆమెను ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొనిపోయినారు. నోటిద్వారా గొట్టము పంపి రాయి తీసినారు; కడుపు కోయవలసిన పని లేకపోయినది. ఆమె కోలుకొన్నది. గేదెలు మరల రాలేదు.

మీ పంచాయతీ కార్యాలయపు గోడకు ఒక అట్ట తగిలింపుడు. దానిపై మీ ప్రాంతమునకు దగ్గరనున్న ఆసుపత్రుల పేర్లు, ఏ విభాగములలో కార్డు చెల్లునో, ఆరోగ్యమిత్ర ఫోను సంఖ్య, ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి. దినములు వ్రాయింపుడు. వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్యను వెదకిపెట్టు పనిని కార్యాలయములో కంప్యూటరు తెలిసినవారికి అప్పగింపుడు. పది నిమిషముల పని. నమోదు జాబితాలు మారుచుండును కనుక మూడు నెలలకొకమారు అట్టను తిరిగి వ్రాయింపవలెను. పాత అట్ట మా కరపత్రము వంటిదే. మీరు ఇప్పుడు మీమీ ఊళ్ల సంగతులు చెప్పుడు, వినెదము.